ఆఫీసు ఇంట్రానెట్‌కి పేజీ కట్టేటప్పుడు

ఇంట్రానెట్ (ఆఫీసు లోపలివాళ్ల కోసమే ఉండే వెబ్ సైటు) పేజీని చూసి మురిసిపోవడానికి ఎవరూ రారు. లీవు ఫారమో, పాత సర్క్యులరో, ఎవరిదో ఎక్స్‌టెన్షన్ నంబరో కావాలి, అంతే. కాబట్టి పైన సెర్చ్ పెట్టె, దాని కిందే ఎక్కువగా వాడే ఆరేడు లింకులు పెట్టండి. ఎండీ గారి సందేశం అడుగుకి పోయినా నష్టం లేదు. ఏ లింకులు ఉండాలన్నది మీటింగులో తేల్చకండి, ఎవరు ఏ పేజీ తెరిచారో రాసుకునే సర్వర్ లాగ్ నెల రోజులది తీస్తే అదే చెబుతుంది.

ఫాంట్లు, జేక్వెరీ (రెడీమేడ్ జావాస్క్రిప్ట్ కోడు) లాంటివి బయటి సీడీఎన్ (ఇలాంటి ఫైళ్లను ఇంటర్నెట్లో అందించే సర్వర్లు) నుంచి తెచ్చుకోవద్దు. ఇంటర్నెట్ ఆపేసిన మెషీన్లలో పేజీ వేలాడుతుంది, లేదా సగమే పనిచేస్తుంది. అన్నీ దించుకుని మీ సర్వర్లోనే ఉంచండి.

తెలుగు పేజీ అయితే నోటో సాన్స్ తెలుగు ఫాంటు వేసి, లైన్ హైట్ (అక్షరం సైజుతో పోలిస్తే వరుస ఎత్తు) 1.6 దగ్గర పెట్టండి. తగ్గిస్తే ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. యూటీఎఫ్-8 మెటా ట్యాగ్ (అక్షరాలు ఏ కోడ్‌లో ఉన్నాయో బ్రౌజర్‌కి చెప్పే లైను) ఫైలు మొదటి 1024 బైట్లలోనే ఉండాలి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాత సర్క్యులర్లను నేరుగా పేస్టు చేస్తే పిచ్చి గీతలే వస్తాయి, ముందు యూనికోడ్‌లోకి మార్చాలి.

ఎక్కువ ఫిర్యాదులు తెచ్చేది షేర్డ్ ఫోల్డరు లింకు. ఫైల్ సర్వర్ దారిని లింకుగా పెడితే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ మామూలుగా దాన్ని తెరవవు. నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు, తప్పేమిటో బ్రౌజర్ కన్సోల్లో (తప్పుల సందేశాలు కనిపించే చోటు) చూస్తేగానీ తెలియదు. ఆ ఫైలును వెబ్ సర్వర్ ఫోల్డర్లోకి మార్చడమే మేలు. కుదరకపోతే దారిని అక్షరాలుగా చూపించి పక్కన కాపీ బటన్ పెట్టొచ్చు. ఇక్కడా ఒక మెలిక ఉంది: బ్రౌజర్ల క్లిప్‌బోర్డ్ ఏపీఐ (కాపీ చేయించే సదుపాయం) హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత కనెక్షన్) ఉంటేనే పలుకుతుంది. లోకల్‌హోస్ట్‌కి (అంటే మీ సొంత మెషీన్లోనే నడిపే పేజీకి) ఆ పట్టింపు లేదు గనక మీ దగ్గర బటన్ పనిచేసి, సర్వర్‌కి ఎక్కించాక మొరాయిస్తుంది. హెచ్‌టీటీపీఎస్ కోసం కంపెనీ సొంత సర్టిఫికెట్ వేయించి, అన్ని మెషీన్లూ దాన్ని నమ్మేలా చేయమని ఐటీ వాళ్లను ముందే అడగండి.

ఫైలు పేర్లన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా. పెద్దబడి చిన్నబడి అక్షరాల తేడా విండోస్ పట్టించుకోదు, లినక్స్ సర్వర్ మాత్రం 404 (పేజీ దొరకలేదు) చూపిస్తుంది. సీఎస్‌ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే ఫైలు) మార్చినప్పుడల్లా దాని లింకు చివర వెర్షన్ నంబరు పెంచండి, లేకపోతే బ్రౌజర్ దాచుకున్న పాత ఫైలు వల్ల కొందరికి వారం దాకా పాత రూపమే కనిపిస్తుంటుంది.

చివరి పరీక్ష మీ లాప్‌టాప్‌లో చేయకండి. స్టోర్స్‌లోనో అకౌంట్స్‌లోనో ఉన్న 1366×768 మానిటర్ ముందు కూర్చుని, అక్కడి లాగిన్‌తోనే లీవు ఫారం తెరిచి ప్రింటు తీయండి. మెనూ కూడా కాగితం మీద పడితే ప్రింట్ స్టైల్‌షీట్ (ప్రింటులో ఏది ఎలా రావాలో చెప్పేది) రాయడం మిగిలిపోయినట్టే.