తలుపు దగ్గర మొదలై కొండ దాకా వెళ్లిన స్కేలు తంటా

2002లో వచ్చిన మోరోవిండ్ గేములోని దీవిని సరదాగా యూనిటీలో (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మళ్లీ కడుతున్నాను. నేల, ఇళ్లు అన్నీ వచ్చాయి. కానీ నా పాత్ర ఏ ఇంటి తలుపులోనూ పట్టదు! తల గడపకు పైన దూలానికి కొట్టుకుంటుంది. తలుపులను మాత్రం పెద్దవి చేశాను. గోడల్లోంచి బయటికి పొడుచుకొచ్చాయి. తెలివితక్కువ పనే.

అసలు తప్పు నా లెక్కలో ఉంది. పాత గేము దూరాలను కొలిచేది యూనిట్లలో. 100 యూనిట్లు ఒక మీటరు అనుకుని అన్నిటినీ వందతో భాగించాను. పాత గేములో మనిషి ఎత్తు దాదాపు 128 యూనిట్లు. అంటే నా లెక్కలో 1.28 మీటర్లు, చిన్నపిల్లాడి ఎత్తు! ఒక్క యూనిట్‌ను 1.43 సెంటీమీటర్లుగా తీసుకుంటే అదే మనిషి 1.83 మీటర్లయ్యాడు. 8192 యూనిట్ల సెల్, అంటే గేము నేలలోని ఒక చదరపు ముక్క పక్క, సుమారు 117 మీటర్లకు వచ్చింది. తలుపులు కుదిరాయి.

కొండలు మాత్రం ఇంకా చదునుగానే ఉన్నాయి. రెండు రాత్రులు జుట్టు పీక్కున్నాక తెలిసింది, గేము ఫైల్లోని నేల ఎత్తు అంకెలను ముందు 8తో గుణించాలట.

ఇంత చేసినా దీవి చిన్నగా అనిపించింది. కొలతలు మళ్లీ చూశాను, సరిగ్గానే ఉన్నాయి. పాత గేములో పొగమంచు దూరాన్ని దాచేసేది, నేనేమో గొప్పగా దాన్ని తీసేశాను. కొంత పొగమంచు తిరిగి పెట్టి, నడక వేగం తగ్గించాను. ఇప్పుడు పక్క ఊరు మళ్లీ దూరంగా ఉంది.