కర్నూలు ఎండల్లో మీ ఫిగర్ బొమ్మలు పాడవకుండా చూసుకోవడం ఎలా

పోయిన మే నెలలో మా ఇంట్లో పడమటి గోడకున్న కడప బండ అరలో పెట్టిన బొమ్మ ఒకటి మోకాళ్ల దగ్గర వంగి ముందుకు వాలిపోయింది, ముట్టుకుంటే చేతికి జిగురు. దాని మీద ఎండ ఒక్క రోజు కూడా నేరుగా పడలేదు, అయినా మధ్యాహ్నమంతా కాలిన గోడ, బండ రాత్రి దాకా ఆ వేడిని వదల్లేదు.

సేకరించి అరల్లో పెట్టుకునే ఈ జపాన్ ఫిగర్లలో చాలావరకు పీవీసీ అనే ప్లాస్టిక్‌వి. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ అనే పదార్థం వేడికి పైకి ఊరుతుంది, ఆ జిగురు అదే. మెడికామ్ టాయ్ అనే జపాన్ కంపెనీ వాళ్లు 2001 నుంచి చేస్తున్న బేర్‌బ్రిక్‌ (ఎలుగుబంటి ఆకారపు బొమ్మలు) లాంటివి గట్టి ప్లాస్టిక్, అంత తొందరగా వంగవు గానీ ఎండ తగిలితే తెల్లవి పసుపుపచ్చగా మారతాయి.

కాబట్టి ముందు చోటు మార్చండి. ఉత్తరం వైపు గది, లోపలి గోడ, చెక్క అర. కూలర్ ఎదురుగా మాత్రం వద్దు, మన బోరు నీళ్ల తుంపరలు ఆరాక తెల్ల మచ్చలు పడతాయి. ఒకదానికొకటి ఆనించి కూడా పెట్టకండి, ముదురు రంగు పక్కదానికి అంటుకుంటుంది.

జిగురొస్తే గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా కడిగి నీడన ఆరబెట్టండి. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి అస్సలు పోవద్దు, రంగుతో సహా లేచొస్తుంది. కాలు వంగిందా, పీవీసీ అయితే చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడి నీళ్లలో (కాగుతున్నవి కాదు) ఒకటి రెండు నిమిషాలు ముంచి, మెల్లగా సరిచేసి, అలాగే పట్టుకుని చల్లనీళ్లలో పెట్టండి. మా బొమ్మ ఇలాగే మళ్లీ నిలబడింది.

ఈ బాధంతా ఎందుకు, పెట్టెలో పెట్టి బీరువాలో దాచేద్దామంటారేమో. గాలాడని ప్లాస్టిక్ కవర్లో జిగురు ఇంకా ఎక్కువవుతుంది. అయినా జపాన్ కళాకారుడు తకాషి మురకామి 2003లో తన శిల్పాలను కైయోడో అనే బొమ్మల తయారీ సంస్థతో చిన్న బొమ్మలుగా చేయించి, జపాన్‌లో రోజూ జనం వెళ్లే చిన్న దుకాణాల్లో చూయింగ్ గమ్‌తో పాటు అమ్మించారు. గొప్ప కళ, అంగడి సరుకు అని మధ్యలో గీత గీయని మనిషి ఆయన. అలాంటి బొమ్మ కళ్లెదురుగా ఉండాలనే నాకు ఆశ. మరీ దాచాల్సి వస్తే పారదర్శకంగా ఉండే లోపలి ప్లాస్టిక్ తీసేసి, ఆసిడ్ లేని తెల్ల కాగితంలో వదులుగా చుట్టి, అట్టపెట్టెలో నిలబెట్టి పెట్టండి, ఏప్రిల్, మే నెలల్లో వారానికోసారి తెరిచి చూడండి.