బెంగళూరులో టమాటా సీసాలకు పది నిమిషాలు ఎక్కువ

కోలారు టమాటా చవకైనప్పుడు గుజ్జు చేసి సీసాల్లో దాచుకోవాలనుకునే బెంగళూరు వాళ్లకు ఒక మాట. మన ఊరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. అందుకే చెన్నైలో గుజ్జు నింపి మూత బిగించిన అరలీటరు సీసాని నీళ్లలో ముంచి 35 నిమిషాలు మరిగిస్తే చాలు గానీ, మనం 45 నిమిషాలు ఉంచాలి. మొదటిసారి నేను చెన్నై అక్క చెప్పిన లెక్కే పట్టుకున్నాను. మూడు వారాలకు ఒక మూత ఉబ్బింది. రుచి కూడా చూడకుండా పారేశాను.

టమాటాలు తొక్క తీసి, చిదిపి, ఐదు నిమిషాలు ఉడికించి వేడివేడిగా నింపాలి. పైన అర అంగుళం ఖాళీ ఉండాలి. సీసాకి 15 మి.లీ. నిమ్మరసం తప్పనిసరి, అదీ షాపులో అమ్మే సీసా రసమే. కాయకో పులుపు ఉంటుంది కాబట్టి ఇంట్లో పిండింది నమ్మలేం. మరిగేటప్పుడు మూతల మీద అంగుళం నీళ్లు నిలవాలి. తాలింపు మాత్రం వద్దు, అది వండుకునేటప్పుడు పెట్టుకోవచ్చు.

మర్నాడు మూత మధ్యలో వేలితో నొక్కండి. టిక్కుమని కిందికి పైకి ఆడితే సీలు పడనట్టే. ఆ సీసా ఫ్రిజ్‌లో పెట్టి ముందు వాడేయండి.

బీన్స్, పుట్టగొడుగుల్లాంటి పులుపు లేనివి ఇలా చేయకండి. బొటులిజం అనే ప్రాణాంతక విషాహార జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు మరిగే నీటికి చావవు, ఇంట్లో పప్పు కుక్కరు కూడా దీనికి పనికిరాదు. వాటికి ఫ్రీజరే మేలు.