జిల్లా స్థాయిలో ఎల్‌జీబీటీక్యూ హక్కుల కోసం పనిచేయడం ఎలా

నిజాం పాలనలో, ఫస్లీ 1329లో, అంటే 1919లో వచ్చిన ఒక చట్టం హిజ్రాల పేర్లతో పోలీసులు రిజిస్టరు నిర్వహించాలని చెప్పింది. ఆడవారి దుస్తుల్లో వీధిలో కనిపించినా, నలుగురిలో ఆడిపాడినా వారంటు లేకుండా పట్టుకునే అధికారం ఇచ్చింది. సంస్థానం పోయింది, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం మాత్రం తెలంగాణ పేరు తగిలించుకుని పుస్తకాల్లో మిగిలిపోయింది. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో దాన్ని సవాలు చేయగా, అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్ నేతృత్వంలోని తెలంగాణ హైకోర్టు ధర్మాసనం 2023 జూలైలో అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఆసరా పింఛను వర్తింపజేయాలని కూడా అదే తీర్పులో ఆదేశించింది.

తీర్పు వెలువడడం ఒక పని, అది మండల కార్యాలయంలో ఒక గుమస్తా బల్ల మీదికి చేరడం మరొక పని. మొదటిదానికి లాయర్లు కావాలి. రెండోదానికి ఓపికగా అర్జీ రాసి, రసీదు దాచి, మళ్లీ వెళ్లి అడిగే మామూలు మనుషులు కావాలి. 2014లో సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ) కేసు తీర్పులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపును అంగీకరించింది, 2018 సెప్టెంబరులో సమ్మతితో కూడిన స్వలింగ సంబంధాలను, వాటిని నేరంగా చూసిన భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్ పరిధి నుంచి తప్పించింది. ఎల్‌జీబీటీక్యూ వారికి, అంటే స్వలింగ, ద్విలింగ ఆకర్షణ ఉన్నవారికి, ట్రాన్స్‌జెండర్ తదితరులకు, తీర్పుల కరువు లేదు. జిల్లాలో వాటిని అడిగేవారి కరువు ఉంది. ఆ అడగడం ఎలాగో, ముఖ్యంగా రెండు తెలుగు రాష్ట్రాల్లో, ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు ఎవరితో కూర్చోవాలి

పని మొదలుపెట్టేవారిలో చాలామంది తొలి వారంలోనే వాట్సాప్ గ్రూపు పెట్టి, అందులో అందరినీ చేర్చి, ఒక ఫొటో తీసి బయటికి వదులుతారు. ఇది ప్రమాదకరం. ఇంట్లో చెప్పుకోని యువకుడి ఫోన్ నంబరు, అత్తవారింట్లో ఉన్న ఒక లెస్బియన్ స్త్రీ పేరు, ఉద్యోగంలో ఎవరికీ తెలియని ట్రాన్స్ పురుషుడి (పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై పురుషుడిగా జీవించే వ్యక్తి) ముఖం ఒక్కసారి బయటపడితే వెనక్కి తీసుకోలేము. ఎవరి పేరు అర్జీపై ఉండవచ్చు, ఎవరు కార్యాలయానికి రాగలరు, ఎవరు వెనక ఉండి కాగితాలు మాత్రమే చూస్తారు అన్నది ఒక్కొక్కరినీ విడిగా అడిగి తెలుసుకోవాలి. ఈ రోజు ఒప్పుకున్నవారు రేపు వద్దంటే ఆ మాటే చెల్లాలి.

హిజ్రా సముదాయంలో గురువు, చేలాల (శిష్యుల) మధ్య తనదైన కట్టుబాటు ఉంటుంది. పెద్దలను కలవకుండా, చదువుకున్న నలుగురు రాసిన కోరికల చిట్టాను వారి తరఫున అని సమర్పించడం మర్యాద కాదు, పనికీ రాదు. పెద్దలు ఎక్కువగా పింఛను, ఇల్లు, పోలీసుల వేధింపుల గురించి మాట్లాడతారు. నగరంలోని గే, లెస్బియన్ యువత బ్యాంకు ఖాతా, అద్దె ఇల్లు, ఇంటివారి ఒత్తిడి గురించి మాట్లాడతారు. రెండూ న్యాయమైనవే, కానీ ఒకే అర్జీలో ఇమడవు. ఈ సంగతి మొదటి సమావేశంలోనే ఒప్పుకుంటే తర్వాత తగాదాలు తగ్గుతాయి. ట్రాన్స్ పురుషులు ఇలాంటి సమావేశాల్లో తరచుగా మూలన కూర్చుంటారు, కాబట్టి వారిని పేరుపెట్టి పిలిచి అడగాలి.

కోరిక ఎంత చిన్నదైతే అంత బలం

సమానత్వం కావాలని అర్జీ రాస్తే అధికారి దానిపై ‘పరిశీలించబడును’ అని రాసి పక్కన పెడతాడు, ఎందుకంటే దానిపై ఆయన చేయగలిగిన పని ఏదీ అందులో ఉండదు. అదే అర్జీ ఒక అధికారి తన సంతకంతో నెరవేర్చగలిగిన ఒక్క పనిని అడిగితే, చేయడమో కాదని రాతపూర్వకంగా చెప్పడమో ఆయనకు తప్పదు. ఉదాహరణకు, 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల (హక్కుల రక్షణ) చట్టం కింద కేంద్రం 2020లో చేసిన నియమాలు ప్రతి జిల్లాలో జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు ఆధ్వర్యాన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల రక్షణ సెల్ ఉండాలని చెప్పాయి. దాని గురించి అర్జీ ఇలా ఉండవచ్చు:

“విషయం: మన జిల్లాలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల రక్షణ సెల్ వివరాలను బహిరంగంగా ప్రకటించుట గురించి. గౌరవనీయులైన కలెక్టరు గారికి, ఈ సెల్‌కు బాధ్యత వహించే అధికారి హోదా, ఫోన్ నంబరు, పనివేళలను కలెక్టరేటు నోటీసు బోర్డుపైన, జిల్లాలోని అన్ని పోలీసు స్టేషన్లలోను తెలుగులో ప్రదర్శించవలసిందిగా కోరుతున్నాము. సెల్ ఇంకా ఏర్పాటు కాకపోయినట్లయితే, ఏర్పాటు చేసే తేదీని పదిహేను రోజులలోగా రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా ప్రార్థన.”

ఇందులో ఆవేశం లేదు, చరిత్ర పాఠం లేదు. రెండు పేజీలు దాటిన అర్జీని పూర్తిగా చదివే తీరిక ఏ కార్యాలయంలోనూ ఉండదు. చట్టాలకు, నియమాలకు సవరణలు వస్తూనే ఉంటాయి కనుక, అర్జీ రాసే వారంలో ఏ పాఠం అమల్లో ఉందో గెజిట్‌లో చూసుకుని మాత్రమే సెక్షన్లను ఉదహరించాలి. తప్పు సెక్షన్ ఒక్కటి చాలు, మిగతా అర్జీ అంతటినీ పక్కన పెట్టడానికి.

ముందు ఒకచోట జరిగిన పనిని చూపడం మంచి ఎత్తు. 2024 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు ప్రభుత్వ సేవలో చేరారు. కొత్తగా ఏదైనా చేయమంటే అధికారులు జంకుతారు గానీ, పక్క జిల్లాలో జరిగినదాన్ని ఇక్కడా చేయమంటే ఫైలు కదలడం సులువు. 2021లో హైదరాబాద్‌లో అమెరికా నిధులతో మొదలైన ట్రాన్స్‌జెండర్ క్లినిక్ 2025 తొలినాళ్లలో ఆ నిధులు ఆగగానే మూతపడింది, తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో మరో పేరుతో తెరుచుకుంది. ఆరోగ్యసేవలు అడిగేటప్పుడు వాటిని ప్రభుత్వ ఆసుపత్రిలో, ప్రభుత్వ బడ్జెట్‌తో అడగడం ఎందుకు మేలో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

సోమవారం కలెక్టరేటులో

జిల్లాలో కలెక్టరు ప్రజల అర్జీలు తీసుకునే కార్యక్రమాలు, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, రెండూ సోమవారమే జరుగుతాయి. ఉదయం పది గంటలకే కౌంటరు ముందు వరుస పెరుగుతుంది. అక్కడ అర్జీని కంప్యూటరులో నమోదుచేసి ఒక నంబరు ఉన్న చీటీ ఇస్తారు. ఆ తర్వాతే హాలులోకి పంపుతారు, అక్కడ కలెక్టరు అర్జీ మూలన సంబంధిత శాఖ పేరు రాసి పక్కనున్న అధికారికి అందిస్తారు. మీకు దొరికే సమయం ఒకటి రెండు నిమిషాలే. అందువల్ల మాట్లాడేది ఒక్కరే అయి ఉండాలి, వారు మొదటి వాక్యంలోనే కోరికను చెప్పేయాలి. వెంట వచ్చినవారు వెనుక నిలబడితే చాలు, పదిమంది ఒకేసారి మాట్లాడితే భద్రతా సిబ్బంది బయటికి పంపడం తప్ప ఫలితం ఉండదు.

కౌంటరులోని వ్యక్తి ఒకవేళ ఎగతాళిగా మాట్లాడితే అక్కడే వాదానికి దిగకుండా, తేదీ, సమయం, కౌంటరు నంబరు రాసుకుని అదే రోజు విడిగా ఫిర్యాదు చేయడం మంచిది. వేదిక ఒకటి అయినప్పుడు అర్జీలు రెండు ఎందుకు కాకూడదు? అర్జీ ప్రతి మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవడం మరవకూడదు. ఆ చీటీ లేకపోతే మీరు అక్కడికి వచ్చిన దాఖలా లేనట్లే.

తెలంగాణలో వికలాంగులు, వయోవృద్ధులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల సాధికారత శాఖ, ఆంధ్రప్రదేశ్‌లో విభిన్న ప్రతిభావంతులు, ట్రాన్స్‌జెండర్, వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఈ విషయాలు చూస్తాయి. అర్జీ ప్రతిని ఆ శాఖ జిల్లా అధికారికి కూడా అదే రోజు ఇస్తే, కలెక్టరేటు నుంచి కాగితం చేరేసరికి ఆయనకు విషయం తెలిసి ఉంటుంది.

సమాచార హక్కు చట్టాన్ని వాడుకునే తీరు

జవాబు రాకపోతే కోపం వద్దు, దరఖాస్తు పెట్టాలి. రెండు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి కార్యాలయంలో సమాచార దరఖాస్తుకు రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఉచితం. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే లేదా ఆ జవాబు సంతృప్తికరంగా లేకపోతే మరో 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయవచ్చు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, ఎందుకు ఇవ్వలేదని అడగడం. సమాచార అధికారి రికార్డులో ఉన్నదే ఇస్తాడు, తన అభిప్రాయం చెప్పడు. కాబట్టి ప్రశ్నలు ఇలా ఉండాలి: 2023 జూలై హైకోర్టు తీర్పు తర్వాత ఈ జిల్లాలో ఆసరా పింఛను కోసం ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు పెట్టుకున్న దరఖాస్తుల సంఖ్య, మంజూరైనవి, తిరస్కరించినవి, తిరస్కరణకు ఫైలులో రాసిన నోటు ప్రతులు, ఆ తీర్పు అమలు గురించి జిల్లాకు వచ్చిన ఉత్తర్వుల ప్రతులు. గ్రామీణ ప్రాంతాలకు సంబంధించి జిల్లా గ్రామీణాభివృద్ధి కార్యాలయాన్ని అడగాలి. వ్యక్తుల పేర్లు, చిరునామాలు ఎన్నడూ అడగవద్దు. మనం కాపాడదలచిన గోప్యతనే మన దరఖాస్తు బయటపెట్టడం కంటే విడ్డూరం ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి వేరు. అక్కడ ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద 2024 నుంచి ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది. అందువల్ల అడగవలసింది పథకం గురించి కాదు, ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం లేక పింఛను ఆగిపోయినవారి గురించి. గ్రామ, వార్డు సచివాలయం వారీగా లెక్క తీయించి, ఆగినచోట శిబిరం పెట్టమని కలెక్టరును కోరవచ్చు.

కార్యాలయం బయట

అన్ని సమస్యలూ కలెక్టరు దగ్గర తీరవు. స్వలింగ జంటల వివాహాన్ని గుర్తించడానికి 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు నిరాకరించిన కేసులో తొలి పిటిషనర్లైన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాద్‌వాసులే. ఆ తీర్పు తర్వాత కేంద్రం వేసిన కమిటీ వల్ల కొన్ని చిన్న వెసులుబాట్లు వచ్చాయి. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి అడ్డు లేదని కేంద్ర ఆర్థిక సేవల విభాగం 2024 ఆగస్టులో చెప్పింది. రేషన్ కార్డు విషయంలో కూడా అలాంటి భాగస్వాములను ఒకే కుటుంబంగా చూడాలని రాష్ట్రాలకు సూచన వెళ్లింది. బ్యాంకు మేనేజరుకు ఖాతాల సంగతి తెలిసి ఉంటుందని అనుకోవద్దు. ఆర్థిక సేవల విభాగం ప్రకటన ప్రింటు తీసి చేతికివ్వాలి. ఒక బ్యాంకు శాఖలో ఒక జంటకు ఖాతా తెరిపించగలిగితే ఊళ్లో మిగతావారికి దారి తెలుస్తుంది.

స్వలింగ ఆకర్షణను ‘నయం’ చేస్తామని ఎవరైనా వైద్యులు చెబితే, అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ప్రకటించింది కనుక రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయాలి. బాధితుల సమ్మతి, చికిత్స చీటీలు ఉంటే తప్ప ఆ పనికి పూనుకోవద్దు.

ఇంట్లో నిర్బంధం ఉన్నచోట బహిరంగ ప్రచారం పనికిరాదు. యుక్తవయస్సు వచ్చిన ఇద్దరు స్త్రీలు కలిసి జీవించే హక్కును 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సమర్థించి, తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదని చెప్పింది. అలాంటి సందర్భంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థను లేదా 15100 నంబరును సంప్రదించి హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్నవారిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషను) దారిలో వెళ్లాలి. తెలంగాణలో పోలీసు మహిళా భద్రతా విభాగం కింద ‘ప్రైడ్ ప్లేస్’ పేరుతో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల రక్షణ సెల్ ఉంది, వేధింపుల ఫిర్యాదులు స్థానిక స్టేషనులో తీసుకోకపోతే అక్కడికి రాయవచ్చు.

ఇక ర్యాలీలు, యాత్రలు ఉత్సాహాన్నిస్తాయి, తోటివారు ఉన్నారని చెబుతాయి. వాటిని తక్కువ చేయను, కానీ యాత్ర మరుసటి సోమవారం ఒక అర్జీతో కలెక్టరేటుకు వెళ్లకపోతే ఫొటోలే మిగులుతాయి. శాసనసభ్యుల విషయంలో కూడా అంతే. సమావేశాలకు ముందే అడగదలచిన ప్రశ్నను రాసి ఇవ్వాలి. సభలో అడిగిన ప్రశ్నకు శాఖ రాతపూర్వకంగా జవాబు ఇవ్వక తప్పదు. ఓటర్ల జాబితాలో పేరు లేనివారు ఫారం 6తో, పేరు లేదా లింగ వివరం సరిచేసుకోవలసినవారు ఫారం 8తో దరఖాస్తు చేయించడం ఎన్నికల ఏడాదికి ముందే పూర్తి కావాలి. ఓటు ఉన్న సముదాయం గుమ్మం దాకా అభ్యర్థులు వాళ్లంతట వాళ్లే వస్తారు.

చివరగా ఫైలు. ప్రతి అర్జీకి ఒక పుట, అందులో ఇచ్చిన తేదీ, నంబరు, ఎవరికి పంపారు, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి అని రాయాలి. కలెక్టరు బదిలీ అయితే కొత్తవారికి పాత అర్జీల నకళ్లన్నీ ఒక కవరింగ్ లేఖతో తొలి సోమవారమే ఇవ్వాలి. ఫైలు ఒకరి ఇంట్లోనే ఉండిపోకుండా ఇద్దరి దగ్గర నకళ్లు ఉంచాలి, అందులో వ్యక్తుల వివరాలున్న పుటలను మాత్రం విడిగా తాళం వేసి ఉంచాలి.