లక్నవరమైనా, ఊరి చెరువైనా: కట్ట మీదికి పిక్నిక్‌కి పోయేవాళ్లకు

చెరువు మత్తడి పోతోందని వాట్సాప్‌లో ఒక వీడియో తిరిగితే చాలు, ఆ ఆదివారం మధ్యాహ్నానికల్లా కట్ట మీద బండి పెట్టడానికి చోటుండదు. పోవద్దని నేను చెప్పను, నేనూ పోతాను. కాకపోతే చెరువు పక్కన పెరిగినవాణ్ని కాబట్టి నా చూపు ముందు నీళ్ల నడుమకి పోదు, తూము దగ్గరికీ మత్తడి దగ్గరికీ కట్ట అడుగుకీ పోతుంది. నడుమ లోతుందని అందరికీ తెలుసు, భయపడి ఎవరూ పోరు. ఈ మూడు చోట్లా మోకాలి లోతు కూడా ఉన్నట్టు కనిపించదు, ప్రాణాలు తీసేవి మాత్రం ఇలాంటి చోట్లే. (తూము అంటే పొలాలకు నీళ్లు వదలడానికి కట్ట కింద పెట్టిన దారి. మత్తడి అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే రాతి గోడ. ఆంధ్ర వైపు అలుగు అంటారు, నెల్లూరు వైపు కలుజు.)

లక్నవరం సంగతే చూడండి. ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో, కాకతీయ గణపతిదేవుడి కాలంలో, అంటే 13వ శతాబ్దంలో కట్టిన చెరువు. చుట్టూ గుట్టలే గోడలు, గుట్టల మధ్య సందుల్లో మాత్రం పొట్టి కట్టలు పోశారు. అందుకే వేలాడే వంతెన మీద ఫొటోలు దిగి, బోటెక్కి, బిర్యానీ తిని వచ్చేసేవాళ్లలో చాలామందికి తాము ఒక డ్యామ్ దగ్గరికి వెళ్లొచ్చామన్న సంగతే తట్టదు. ఇదే జిల్లాలో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 2023 జులై 27 ఉదయానికి 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అలాంటి వాన ఒక్క రాత్రి పడితే, నిన్న మీరు కాళ్లు పెట్టుకు కూర్చున్న మత్తడి ఇవాళ వాగే.

కాబట్టి బయలుదేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరిక చూసుకోండి. ఆ రోజు ఆరెంజ్‌ గానీ రెడ్ గానీ ఉంటే ఇంట్లోనే పకోడీలు వేసుకోవడం మేలు. మీరు వెళ్లే ఊరిది ఒక్కటే చూస్తే సరిపోదు, ఎగువన ఎలా ఉందో కూడా చూడాలి, ఎందుకంటే మనవి గొలుసుకట్టు చెరువులు, పైదాని మిగులు కిందిదానికి వస్తుంది, పైదానికి గండి పడితే ఆ భారమంతా కిందిదాని మీదే. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది కూడా పైనున్న పింఛా ప్రాజెక్టు నుంచి వరద మీద పడ్డాకే. పిడుగుల కోసం ఫోన్‌లో దామిని యాప్ వేసుకోండి. కట్ట మీద ఉన్నంతలో ఎత్తయినవి తాటిచెట్టూ మీరే, వాన మొదలైతే ఆ చెట్టు కింద మాత్రం నిలబడొద్దు.

చేరగానే చేయాల్సిన మొదటి పని సెల్ఫీ కాదు, ఊళ్లో ఒక మనిషిని పట్టుకోవడం. తూము తిప్పే నీరటి ఉంటే అంతకన్నా తెలిసినవాళ్లు లేరు, లేదంటే వలలు వేసేవాళ్లు, లేదంటే బర్రెలు తోలుకొచ్చిన ముసలాయన. "తాతా, మత్తడి ఎప్పటి నుంచి పోతోంది? తూము తెరిచి ఉందా? గుంతలు ఎటువైపు?" ఈ మూడు ప్రశ్నలు చాలు. ఊరి చెరువుల దగ్గర ఈ తాత మాటే మీకు దిక్కు, ఎందుకంటే 2021 డ్యామ్ భద్రత చట్టం కిందికి వచ్చేవి 15 మీటర్లకు మించి ఎత్తున్నవీ, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి కొన్ని షరతులకు సరిపోయేవీ మాత్రమే. మన ఊరి కట్టలు చాలావరకు ఆ ఎత్తుకు రావు.

తర్వాత కట్టను ఒకసారి పొలాల వైపు నుంచి చూడండి, నీళ్ల వైపు నుంచి కాదు. కట్ట అడుగున కాస్త చెమ్మ ఉండటం, తేట నీళ్లు సన్నగా ఊరడం చాలా చెరువులకు మామూలే. అదే ఊట బురదగా వస్తుంటే మాత్రం అర్థం వేరు, కట్ట లోపలి మట్టిని నీళ్లు మోసుకొస్తున్నాయన్నమాట. లోపల బుంగ పడుతోంది, అది గంటల్లో గండి కావచ్చు. ఎండ్రకాయల బొరియలు, పందికొక్కు బొరియలు, కుళ్లిపోయిన పెద్ద చెట్ల వేర్లు వదిలిన సొరంగాలు, ఇలాంటివే నీళ్లకు దారులు. కట్ట మీద పొడుగునా కొత్త పగులు, ఒకచోట కుంగినట్టుండటం, రాతి కట్టుబడి జారి ఉండటం, ఇవి కూడా మంచి గుర్తులు కావు. ఇలాంటిది కనిపిస్తే వీడియో తీస్తూ అక్కడే నిలబడకండి. కట్ట వెంబడే పక్కనున్న గుట్ట వైపో ఎత్తు నేల వైపో నడవండి, దిగువ పొలాల్లోకి దిగొద్దు, అక్కణ్నుంచి 112కూ పంచాయతీవాళ్లకూ ఫోన్ చేయండి.

ఇక తూము. తూము తెరిచినప్పుడు కట్ట కింది గొట్టంలోకి నీళ్లు లాక్కుపోతుంటాయి, పైన చూస్తే ఏమీ ఉండదు, మహా అయితే చిన్న సుడి. దగ్గరికి ఈదిన మనిషి కాలో నడుమో ఆ మూతికి అడ్డుపడితే వెనకనున్న నీటి బరువంతా అతన్ని అక్కడే అదిమేస్తుంది, ఎంత గజ ఈతగాడైనా తన బలంతో విడిపించుకోలేడు. తూము గద్దె మీంచి దూకడం మా చిన్నప్పుడు పెద్ద ఘనకార్యం, ఇప్పుడు తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది.

మత్తడి గురించి కొంచెం ఎక్కువే చెప్తాను. పారే నీళ్లలో ఆరంగుళాల లోతు చాలు పెద్దమనిషి కాళ్లు తప్పడానికి, అడుగు నీళ్లు చిన్న కారును తోసుకుపోతాయి. దానికి తోడు రాయి మీద పాచి. మా చిన్నాన్న కొడుకు ఒకసారి మత్తడి మీంచి బండి దాటిస్తానని పందెం కట్టాడు, పాదం పైదాకా కూడా నీళ్లు లేవు, సగం దూరంలో వెనక చక్రం జారింది. బండి పోయింది, వాడు తుమ్మకంపను పట్టుకుని మిగిలాడు, అరచేతుల్లో ముళ్లు వారం రోజులు తీశాం. నిజానికి జారడం కన్నా ప్రమాదమైనది గోడ కింద ఉంటుంది. పైనుంచి పడ్డ నీళ్లు అక్కడ గుండ్రంగా తిరుగుతూ పడ్డవాణ్ని మళ్లీ గోడ వైపే లాగి ముంచుతాయి, నురగలో గాలి ఎక్కువ కాబట్టి మనిషి తేలడు కూడా. గోడ కింద జలకాలాడటం, పొర్లుతున్న నీళ్లకు అడ్డంగా చేపలు పట్టడం, పిల్లల్ని ఎత్తుకుని గోడ మీద నడవడం, ఇవేవీ వద్దు. గేట్లున్న ప్రాజెక్టయితే దిగువ రాళ్ల మీదికి అసలు దిగొద్దు. 2014 జూన్ 8న హిమాచల్‌లో లార్జీ డ్యామ్ నీళ్లు వదలడంతో బియాస్ నదిలో రాళ్ల మీద ఫొటోలు దిగుతున్న 24 మంది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్లు దిగినప్పుడు అక్కడ నీళ్లు తక్కువే.

గుంతల సంగతి. ఎండాకాలంలో చెరువులో జేసీబీలు మట్టి తీస్తాయి, రోడ్డుకనీ ఇటుకబట్టీలకనీ పొలాలకనీ. వానలొచ్చాక అంతా ఒకే మట్టంగా కనిపిస్తుంది. నాలుగడుగులు నడుము లోతులో నడిచి ఐదో అడుగు వేస్తే నేలుండదు. పైగా అడుగున ఒండ్రు, తామర తూడులు, చిరిగి వదిలేసిన వలలు. ఈత వచ్చినవాడు కూడా ప్యాంటుతోనో చీరతోనో వీటిలో చిక్కితే కష్టమే. దిగి తీరాలనుకుంటే ఊరివాళ్లు రోజూ స్నానం చేసే రేవు దగ్గరే, మందు తాగనివాళ్లే, నడుము లోతు దాటకుండా.

బోటెక్కితే జాకెట్ వేసుకోండి, ఊరికే భుజాన వేలాడేసుకోవడం కాదు. బకిల్స్ అన్నీ పెట్టాక పక్కవాణ్ని భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి, అది చెవులదాకా లేస్తే అది మీ సైజు కాదు. పిల్లలకు పెద్దల జాకెట్ వేస్తే నీళ్లలో పిల్ల కిందికి జారిపోతుంది, జాకెట్ ఒక్కటే తేలుతుంది. రెండేళ్లకోసారి మేడారం జాతర రోజుల్లో అయితే లక్నవరంలో బోటు కోసం తోపులాటే, ఎక్కువమందిని ఎక్కిస్తుంటే దిగిపోండి, డబ్బులు పోతే పోయాయి.

ఎవరైనా మునుగుతుంటే దూకకండి. మునిగేవాడు పట్టుకున్నదాన్ని వదలడు, అందుకే ఒకరి కోసం దిగి ముగ్గురు పోవడం చూస్తున్నాం. ఒడ్డున బోర్లా పడుకుని కర్రో, చీరో, రెండు చున్నీలు ముడేసో అందించండి, దూరంగా ఉంటే మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్లు విసరండి. అందుకే నేను 20 మీటర్ల మోకు ఒకటీ, ఐదు లీటర్ల ఖాళీ క్యాన్లు రెండూ డిక్కీలో పడేసుకుంటాను, ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. బయటికి తీశాక తలకిందులు చేయడం, కడుపు నొక్కడం, గిరగిరా తిప్పడం పాత అలవాట్లు, వాటితో టైమ్ పోవడం తప్ప ఊపిరి రాదు. శ్వాస లేకపోతే వెంటనే తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటితో ఐదుసార్లు ఊదండి, ఆపై ఛాతీ నడుమ 30 సార్లు గట్టిగా నొక్కి రెండుసార్లు ఊదుతూ, అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. 108కి ఇంకొకరు చేయాలి. అక్కడ సిగ్నల్ దొరికేది ఎక్కడో వచ్చేటప్పుడే చూసి పెట్టుకోండి.

చివరగా చెత్త. కట్ట మీది గడ్డి మట్టిని పట్టి ఉంచుతుంది, దాని మీద పొయ్యి పెట్టొద్దు, వంట కట్టకు దూరంగా, ఎత్తయిన చదును నేల మీద చేసుకోండి. మన డిస్పోజబుల్ గ్లాసులు, విస్తరాకులు, చిప్స్ కవర్లు గాలికి నీళ్లలో పడి తూము జాలీకి అతుక్కుంటాయి. మర్నాడు పొద్దున ఆయకట్టుకు నీళ్లు రావడం లేదని రైతు అరిస్తే, మనం లోతడిగిన ఆ నీరటి తాతే నడుము లోతు నీళ్లలో, తూము మూతి దగ్గర నిలబడి వాటిని చేత్తో పీకాలి.