ఏసీ కారితే పట్టే బూజు – 3వ పాఠం: కడగడం, ఆరబెట్టడం

పోయిన పాఠంలో ఫిల్టర్లు కడిగాం, డ్రెయిన్ పైపులో పేరుకున్న జిగురు తీశాం. ఇన్‌డోర్ యూనిట్ ట్రేలో మెల్లగా గ్లాసుడు నీళ్లు పోస్తే అవన్నీ బయట పైపులోంచే రావాలి. గోడ మీదకి ఒక్క చుక్క జారినా ఈ పాఠం పక్కన పెట్టి వెనక్కి వెళ్లండి. కారడం ఆగకుండా గోడ తోమితే చాకిరీ తప్ప ఏమీ మిగలదు.

ముందు అది బూజో కాదో చూడండి. తెల్లగా పొడిలా ఉంటే సున్నంలోంచి, సిమెంటులోంచి పైకి తేలిన ఉప్పు కావచ్చు. నీళ్లు చిలకరిస్తే ఉప్పు కరుగుతుంది, బూజు కరగదు. నల్లగానో పచ్చగానో చుక్కలు చుక్కలుగా ఉండి, మగ్గిన వాసన వస్తుంటే పెద్దగా అనుమానం అక్కర్లేదు.

మచ్చ మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు దాటకపోతే మనమే చేసుకోవచ్చు. దాటితే పనివాళ్లని పిలవండి. పీఓపీ సీలింగ్‌కి పడితే మాత్రం కడగడం దండగ. బూజు లోపలిదాకా దిగి ఉంటుంది, ఆ ముక్క కోసి మార్చాల్సిందే.

ఎన్‌95 మాస్క్, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకోండి. ఆస్తమా ఉన్నవాళ్లని, చంటిపిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. తలుపు మూసి, ఫ్యాన్ ఆపండి. పొడి బ్రష్‌తో గీకితే బూజు రేణువులు గదంతా ఎగురుతాయి. అందుకే ముందు తడిపి, బట్టల సబ్బుపొడి కలిపిన నీళ్లతో తోమి, తడిగుడ్డతో తుడవండి. వాడిన గుడ్డలు కవర్లో కట్టి పారేయండి. ఈ పని పనమ్మాయికి చెప్పేసి మనం హాల్లో కూర్చోవడం నాకు నచ్చదు. చేయిస్తే ఆమెకీ మాస్క్ ఇవ్వాలి.

బ్లీచింగ్ వాడితే ఇంకా బాగా పోతుందని చాలామంది నమ్మకం. పుట్టీ గోడలో అది లోపలికి పెద్దగా దిగదు, పైమచ్చ మాత్రం తెల్లబడుతుంది. బాత్‌రూమ్ యాసిడ్‌తో కలిసిందంటే క్లోరిన్ వాయువు పుడుతుంది, ప్రాణం మీదకి వస్తుంది. సబ్బునీళ్లు చాలు.

ఇక ఆరబెట్టడం. అందరూ తొందరపడేది ఇక్కడే. “కిటికీలు తెరిచి పెట్టండి, అదే ఆరిపోతుంది” అంటారు. అనంతపురంలో అయితే నిజమే. చెన్నైలో, అందులోనూ బెసంట్ నగర్ లాంటి సముద్రపు ఒడ్డున, బయటి గాలే తడిగా ఉంటుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో కిటికీ తెరిస్తే చెమ్మని ఇంట్లోకి పిలిచినట్టే. కిటికీలు మూసి, బాగుచేసిన ఏసీని డ్రై మోడ్‌లో (గాలిలో తేమ లాగేసే సెట్టింగ్) పెట్టి, టేబుల్ ఫ్యాన్ గోడకి తిప్పండి. బూజు తుడిచేశాం కాబట్టి ఇప్పుడు ఫ్యాన్‌తో భయం లేదు. తేమ కొలిచే చిన్న మీటర్ ఉంటే గదిలో 60 శాతం దాటకుండా చూసుకోండి.

చేత్తో తడిమి ఆరిందనుకోవద్దు. పైపొర ముందే ఆరుతుంది, లోపలి ఇటుక తడిగానే ఉంటుంది. ఒక అడుగు చదరం పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు కత్తిరించి, గోడకి ఆనించి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అంటించండి. ఒక రోజు ఆగి చూడండి. కవరు లోపలివైపు చెమ్మ పడితే గోడ ఇంకా తడిగా ఉందన్నమాట. బయటివైపు పడితే తేమ గది గాలిలోది, డ్రై మోడ్ ఇంకా నడవాలి. రెండువైపులా పొడిగా ఉంటేనే ముందుకు.

పుట్టీ, ప్రైమర్ సంగతి నాలుగో పాఠంలో చూద్దాం. అప్పటిదాకా పెయింటర్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి.