తనంతట తానే నేర్చుకునే పిల్లలు – 3వ పాఠం: సాయం చేసే ముందు కాసేపు ఆగడం

పిల్లలు ఎక్కడెక్కడ ఆగిపోతున్నారో వారం పాటు రాసుకోమని పోయిన పాఠంలో చెప్పాను. ఆ కాగితం తెచ్చుకోండి. ఈ వారం పని దానితోనే.

ఈ పాఠం సాధన చేయాల్సింది పెద్దవాళ్లమే. "నాకు రావట్లేదు" అని పిల్లలు అనగానే మన చెయ్యి పెన్సిల్ మీదికి పోతుంది. ప్రేమకొద్దీ చేసే పనే అది. కానీ రోజూ అలాగే జరిగితే, కష్టం వచ్చినప్పుడు ఆలోచించడం కన్నా పిలవడమే తేలికని వాళ్లకు అలవాటైపోతుంది.

మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యా పరిశోధకురాలు తరగతి గదుల్లో మాటలు రికార్డు చేసి విన్నారు. ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది సుమారు 1 సెకను మాత్రమే. అదే 3 సెకన్లో, ఇంకాస్తో ఆగితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది. 3 సెకన్లే కదా అనుకోకండి, మౌనంగా ఉంటే చాలా ఎక్కువసేపనిపిస్తుంది. మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. 52లోంచి 27 తీసేయమంటే పాప 35 అని రాసింది. 2లోంచి 7 పోదు కాబట్టి తిప్పేసి 7లోంచి 2 తీసేసింది. ఈ వయసులో చాలామంది చేసే తప్పే ఇది. "తప్పు" అనకండి, రబ్బరు అందుకోకండి. "35కి 27 కలిపి చూడమ్మా, ఎంతొస్తుంది?" అని అడిగి ఆగండి. 62 వస్తుంది. అప్పుడు పాప ముఖం చూడండి! తప్పు తనకే దొరికింది. ఈ పాఠం మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఆ క్షణమే.

అప్పటికీ దారి తోచకపోతే ఒకట్ల స్థానం మీద వేలు పెట్టి చూపించండి, మాట అక్కర్లేదు. అదీ చాలకపోతే వేరే లెక్క, 43లోంచి 18, మీరు పైకి చెబుతూ చేయండి: "43 అంటే 30, 13. 13లోంచి 8 పోతే 5. 30లోంచి 10 పోతే 20. మొత్తం 25." తన లెక్క మాత్రం తనకే వదిలేయండి.

ఒక జాగ్రత్త. ఏడుపు, నిద్ర, ఆకలి, బాగా టెన్షన్ ఉన్నప్పుడు ఇలా ఆగొద్దు. అప్పుడు మన మౌనం వాళ్లకు ఒంటరిగా వదిలేసినట్టే ఉంటుంది. పుస్తకం మూసి దగ్గరికి తీసుకోండి, లెక్క రేపు చేయొచ్చు. అలాగే కొత్త పదానికి అర్థం అడిగితే వెంటనే చెప్పేయండి, తెలియని అర్థం ఎంతసేపు ఆలోచించినా రాదు.

ఈ వారం రోజుకు ఒక్కసారి చాలు. మౌనం, ప్రశ్న, వేలు, వేరే లెక్క: వీటిలో ఏది సరిపోయిందో కాగితంలో ఆ తప్పు పక్కనే రాయండి. తప్పు దొరికిన తర్వాత పిల్లలతో ఏం మాట్లాడాలో 4వ పాఠంలో చూద్దాం. అప్పుడూ ఈ కాగితం కావాలి.